గడ్డి బండికి నేను చేసిన దసరా సర్వీసు

ఫిల్టర్ ఎన్నాళ్లు వస్తుందని ఎవరడిగినా ముప్పై ఏళ్లపాటు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. దసరా నుంచి దసరా దాకా. అడిగినవాడు ఇంకేమైనా అనబోతే, "నువ్వు మెకానిక్కా, నేను మెకానిక్కా?" అనేవాణ్ణి. అంతటితో వాడి నోరు మూతపడేది.

వేంసూరు దగ్గర మా షెడ్డులో అలాగే నడిచింది మరి. దసరాకు రెండు రోజుల ముందు నుంచి ట్రాక్టర్లు వరసకట్టేవి. ఆయుధ పూజకు బండి శుభ్రంగా ఉండాలి కదా! నూనె మార్చడం, గ్రీజు పెట్టడం, హైడ్రాలిక్ ఫిల్టర్ విప్పి డీజిల్‌లో కడగడం, కాంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ బిగించడం. మా పాత ట్రాక్టర్లలో ఆ ఫిల్టరంటే ఇనుప జాలీయే. టీ వడపోసే జల్లెడలాంటిది. కడిగితే తళతళలాడుతుంది, ఎన్నిసార్లు కడిగినా దానికేమీ కాదు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తే మళ్లీ దసరా దాకా దాని మొహం చూసే పనిలేదు. ఆ లెక్కన నేను గొప్ప మెకానిక్కునే.

షెడ్డు ఎత్తేశాక టేకులపల్లి దాటి అడవి అంచున ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో మెయింటెనెన్స్ పనికి కుదిరాను. జనరేటర్, బోరు మోటార్లు, బస్సులు, అన్నీ నావే. నా మాటలో కోస్తా యాస వినిపిస్తుందని మొదట్లో బస్సు డ్రైవర్లు ఆటపట్టించేవాళ్లు. "ఏంటండీ మేస్త్రిగారూ, టీ తాగుతారాండీ" అని దీర్ఘాలు తీసేవాళ్లు. నేను తిట్టేవాణ్ణి. వాళ్లు ఇంకా తీసేవాళ్లు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నెల తిరక్కుండా అందరికీ తెలిసిపోయింది.

ఆ కాలేజీకి పచ్చికంటే పిచ్చి. పిల్లల్ని చేర్పించడానికొచ్చే తల్లిదండ్రులకు గేటు దాటగానే పచ్చగా కనబడాలట. పది మంది ఆడవాళ్లు పొద్దున్నుంచీ వంగి కొడవళ్లతో కోసేవాళ్లు. వానాకాలంలో ఈ చివర కోసి ఆ చివరకు పోయేసరికి ఈ చివర మళ్లీ మోకాలెత్తు లేచేది. చూసీ చూసీ ఎస్టేట్ చూసే సారు ఎక్కడి నుంచో ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ లారీలో దింపించాడు. కూర్చుని నడుపుతూ గడ్డి కోసే మిషన్. కింద పళ్లెమంత బ్లేడ్లు, పైన సీటు, చిన్న స్టీరింగ్. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. గడ్డి బండి అన్నాం, అదే ఖాయమైంది.

ఎవరు నడపాలి? బస్సు డ్రైవర్లు దాన్ని చూసి పగలబడి నవ్వారు. "మేము గా బొమ్మ బండెక్కాల్నా? ఇజ్జత్ పోతది" అన్నారు. అప్పుడు కొడవళ్ల గుంపులోంచి ఒకామె ముందుకొచ్చింది. కాంపౌండు గోడ వెనక ఉన్న కోయ గూడెం మనిషి. నలభై దాటి ఉంటాయి. వాళ్ల తమ్ముడి ట్రాక్టర్‌తో పత్తి చేను దున్నిందట. "నేను నడుపుత సార్" అంది. సారు నా వైపు చూశాడు. డ్రైవర్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "నడపనీండి సార్, చూద్దాం" అన్నాను. ఆ ఒక్క మాటన్నందుకు నేను ఇప్పటికీ నన్ను కాస్త మెచ్చుకుంటాను. తర్వాత చేసింది తలుచుకుంటే మెచ్చుకోడానికి ఇంకేమీ మిగలదు.

ఆ బండికి గేర్లుండవు, క్లచ్చుండదు. ముందుకో పెడలు, వెనక్కో పెడలు. ఇంజను ఒక పంపును తిప్పితే, ఆ పంపు నూనెను తోస్తే, ఆ నూనె బలంతో చక్రాలు తిరుగుతాయి. నూనే దాని ప్రాణం. ఆమె గంటలో నేర్చుకుంది. వారం తిరిగేసరికి చెట్ల మొదళ్ల చుట్టూ, పూల మడుల అంచుల వెంట గీత గీసినట్టు కోసేది. మిగతావాళ్లను మొక్కల పనికి, కూరగాయల తోటకు పంపారు. గూడెం ఆడపిల్లలు గోడ మీదికెక్కి కూర్చుని వాళ్ల భాషలో ఏవేవో కేకలు పెట్టేవాళ్లు. ఈమె స్టీరింగ్ వదలకుండానే అదే భాషలో ఏదో తిరగేసి అనేది, వాళ్లు నవ్వుతూ దూకి పారిపోయేవాళ్లు.

ఒకరోజు షెడ్డు అరుగు మీద టీ తాగుతూ అంది, "అన్నా, పదిహేనేండ్లు వంగి కోసిన. పండుకుంటే నడుము నేలకు ఆనకపోయేది. గిప్పుడు కూసోని కోత్తున్న. నిద్ర పడ్తాంది."

"అయితే బండిని జాగ్రత్తగా చూసుకో చెల్లే" అన్నాను పెద్దమనిషిలాగా.

"నాకంటే ఎక్వ చూసుకుంట" అంది.

చూసుకునేది కూడా. దిగేముందు దుమ్ము తుడిచేది. స్టీరింగ్ కింద ఒక చిన్న అద్దంలో అంకెలుండేవి. "అన్నా, గీ అంకెలేంది?" అని ఒకసారి అడిగింది. వంగి చూశాను. "గడియారం. చెడిపోయింది. పట్టించుకోకు" అన్నాను. బండి నడిస్తేనే తిరిగి, ఆగితే ఆగిపోయే గడియారం ఎక్కడుంటుందని నాకు తట్టలేదు. అది మిషన్ ఎన్ని గంటలు పనిచేసిందో చెప్పే మీటరు. తెలియదని ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు, అందుకని గడియారమన్నాను.

దసరా వచ్చింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. జూన్ నుంచి పండగ దాకా గడ్డి బండి ఒక్కపూట ఆగలేదు. నేను షెడ్డులో బస్సులన్నీ అయ్యాక దాని పని పట్టాను. కింద దూరి చూస్తే హైడ్రాలిక్ ఫిల్టర్ కనబడింది. గుండ్రంగా గ్లాసంత డబ్బా, మర తిప్పితే ఊడొచ్చింది. నల్లటి నూనె కారింది.

ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. "కొత్తది తేరాదన్నా?" అంది.

"ఎందుకు? డబ్బా బంగారంలా ఉంది. కడిగితే ఇంకో ఏడాది వస్తది."

"లోపలికి ఎట్ల కడుగుతవ్ మరి?"

"ముప్పై ఏళ్ల నుంచి కడుగుతున్నా. నువ్వు నాకు నేర్పు ఇక!" అని కసిరాను. ఆమె నవ్వేసి ఊరుకుంది.

డబ్బా నిండా డీజిల్ పోసి కల్లు కుండలా ఊపాను. పారబోశాను. మళ్లీ పోశాను. తర్వాత కాంప్రెసర్ గొట్టం డబ్బా నోటి చిల్లులకు ఆనించి ఎదురు గాలి కొట్టాను. లోపల్నుంచి ఏదో పుటపుటమంది, మడ్డి ఊడుతోందనుకున్నాను. పైన గుడ్డతో తుడిచి, పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి బిగించి, కారినంత మేర కొత్త నూనె పోశాను. కొబ్బరికాయ కొట్టాం. ఆమె సీటెక్కి నిమ్మకాయ తొక్కించింది. చూడముచ్చటగా ఉంది బండి.

నాలుగు రోజులకే ఆమె షెడ్డుకొచ్చింది. "అన్నా, బండి ఏడుస్తాంది. పెడలు తొక్కంగనే గుయ్ మంటాంది" అంది. "పండక్కి కొత్త నూనె పోశాం కదా, కుదురుకుంటది" అన్నాను. వారానికి మళ్లీ వచ్చింది. "ఎండెక్కినంక గడ్డ ఎక్కుతలేదు. నీడకు ఆపితే మళ్ల నడుస్తాంది. ఒక్కపారి జూడరాదే" అంది. నేను బస్సు కింద పడుకుని ఉన్నాను. "గట్టిగా తొక్కుతున్నావేమో, మెల్లగా నడుపు" అని కింద నుంచే అరిచాను. మూడోసారి వచ్చినప్పుడు ఏమన్నానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆమెకు గుర్తుండే ఉంటుంది.

ఆ శనివారం తల్లిదండ్రుల మీటింగు. పొద్దున ఎనిమిదింటికి ఆడిటోరియం ముందు వాలు మీద బండి సగం ఎక్కి ఆగిపోయింది. ఇంజను ఆడుతోంది, చక్రం కదలదు. సగం గడ్డి కోసి, సగం కోయక, మధ్యలో బండి. కార్లు రావడం మొదలైంది. ఎస్టేట్ సారు మొహం ఎర్రబడింది. మేం నలుగురం తోసి పక్కకు పెట్టేసరికి వచ్చినవాళ్లంతా మమ్మల్నే చూశారు.

మధ్యాహ్నం సారు ఆఫీసుకు పిలిచాడు. డ్రైవర్ల పెద్ద అప్పటికే అక్కడ ఉన్నాడు. "ఆడమనిషి చేతికి మిషన్ ఇయ్యొద్దని ఆనాడే అన్న సార్. గడ్డల మీద గుంజి గుంజి సంపింది" అంటున్నాడు. తన బామ్మర్ది ఖాళీగానే ఉన్నాడని కూడా అన్నాడు. బొమ్మ బండి ఎక్కితే పోయే ఇజ్జత్ బామ్మర్దికి ఉన్నట్టు లేదు.

"అంతే అయ్యుంటది కదా మేస్త్రీ?" అన్నాడు సారు.

నేను తలూపాను. నిజంగానే అంతే అనుకున్నాను. నేను సర్వీసు చేసిన బండి ఊరికే ఎందుకు ఆగుతుంది?

"ఇక రావద్దని ఆమెకు గేటు దగ్గరే చెప్పించాను. నువ్వు విప్పి చూసి, ఆపరేటర్ నెగ్లిజెన్స్ అని రిపోర్ట్ రాసియ్యి."

ఆదివారం సెలవైనా షెడ్డుకొచ్చాను. ఆమె తప్పుకు సాక్ష్యం వెతకడానికి వచ్చానని ఒప్పుకోవాలి. లోపల పంపు అరిగి ఉంటే ఇనుప రజను ఫిల్టర్‌లో చిక్కి ఉంటుంది, అది చూపిస్తే పని అయిపోతుంది. డబ్బా విప్పి, బల్ల మీది వైసు పట్టులో బిగించి, ఇనుము కోసే హాక్సా బ్లేడుతో చుట్టూ కోశాను. మూత లేచింది.

లోపల జాలీ లేదు. కాగితం. చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా పెట్టిన మందపాటి కాగితం. ఆ మడతలు నాలుగు చోట్ల చినిగి ఉన్నాయి. కొన్ని ముక్కలు మడ్డిలో కలిసి గుజ్జయ్యాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా డీజిల్ వాసన. ఎదురు గాలి కొట్టినప్పుడు పుటపుటమన్నదేమిటో అప్పుడు అర్థమైంది. దుమ్ము ఆపాల్సింది నేను చింపిపెట్టాను, ఆ చిరుగుల్లోంచి మడ్డీ కాగితమూ కలిసి పంపులోకి పోయాయి. డబ్బా తిప్పి చూశాను. నేను పెట్టిన బొట్టు ఎండి అట్ట కట్టింది. బొటనవేలితో గీకాను. కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. కడగరాదు, తీసి పారేసి కొత్తది బిగించాలి. దాని మీదే కుంకుమ పెట్టాను.

ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉంటే వాళ్లను తిట్టి ఉండేవాణ్ణి.

హైదరాబాదులో పార్టులమ్మే ఒకాయనకు ఫోను చేశాను. "మీటర్ ఎంతుంది?" అన్నాడు. మీటరేమిటన్నాను. స్టీరింగ్ కింద చూడమన్నాడు. చెడిపోయిన గడియారంలో అంకెలు చదివి చెప్పాను. "అన్నా, గీ ఫిల్టర్ నెలలతోని చూసేది గాదు, గంటలతోని చూసేది. కొత్త బండికైతే మొదట్ల జల్దీ మార్చాలె, లోపల కొత్త ఇనుము రాలుతది గదా. అటెన్క మోడల్‌ను బట్టి ఇన్ని గంటలని బుక్కుల రాసుంటది. దుమ్ముల నడిస్తే ఇంక ముందే. నీది ఎప్పుడో దాటింది" అన్నాడు. మన దగ్గర వానాకాలంలో రోజంతా నడిచే బండికి ఒక్క సీజన్ వస్తే ఎక్కువన్నాడు. "కడిగినవా ఏంది కొంపదీసి?" అని కూడా అడిగాడు. కొత్త ఫిల్టరు, నూనె పంపమని చెప్పి, సిగ్నల్ లేదని ఫోను పెట్టేశాను.

ఫిల్టరు, నూనె మంగళవారం కొత్తగూడెం బస్సులో పార్సిలొచ్చాయి. మధ్యలో సోమవారమంతా నోరు విప్పలేదు. సారు రిపోర్టేదని అడిగితే ఇంకా చూస్తున్నానన్నాను. నిజం చెబితే ముప్పై ఏళ్ల పేరు పోతుందని భయం. ఆ డ్రైవర్ల ముందు తలెత్తుకోలేనని భయం. కోసిన డబ్బాను తుక్కులో వేస్తే ఎవడికీ తెలియదు కదా అని రెండుసార్లు తుక్కు దాకా వెళ్లాను కూడా. రెండుసార్లూ వెనక్కి తెచ్చుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. మంచితనం అనుకోవద్దు, నిద్ర పట్టట్లేదంతే.

పాత నూనె మొత్తం దించి, కొత్త నూనెతో ఒకసారి కడిగి, కొత్త ఫిల్టరు బిగించి నింపాను. స్టార్ట్ చేసి నేనే ఎక్కాను. పంపు చచ్చిపోయి ఉంటే ఇక ఎవరికీ ఆ సీటు ఉండదు. కాసేపు గుయ్ మంది, తర్వాత మెల్లగా ఆ మోత తగ్గింది. వాలు దగ్గరికి తీసుకుపోయి పెడలు తొక్కాను. ఎక్కింది. దిగి దండం పెట్టాను, దేనికో తెలియదు.

సారు వరండాలోంచి చూశాడు. "శభాష్ మేస్త్రీ! నీ చేతిలో మహిమ ఉందయ్యా" అన్నాడు. పక్కనే డ్రైవర్ల పెద్ద, అతని బామ్మర్ది. బామ్మర్ది కొత్త టోపీ పెట్టుకుని ఉన్నాడు. "రేపొద్దున్నుంచి ఇతను ఎక్కుతాడు, కాస్త నేర్పు" అన్నాడు సారు.

ఆ టోపీ చూసేసరికి ఉండబట్టలేదు. షెడ్డులోకి పోయి కోసిన డబ్బా తెచ్చి సారు ముందు పెట్టాను. "సార్, బండిని చెడగొట్టింది ఆమె కాదు, నేను. ఇది కాగితం ఫిల్టరు. నేను కడిగి చింపాను. మార్చాల్సిన గంటలు కూడా ఎప్పుడో దాటిపోయాయి. మూడుసార్లు వచ్చి చెప్పింది, నేనే వినలేదు" అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

సారు డబ్బాలోకి చూశాడు. కుంకుమ చూశాడు. పకపకా నవ్వాడు. "పోనీలే మేస్త్రీ, పని చేసేవాడికే పొరపాటు జరుగుద్ది. ఇక నుంచి గంటలు చూసి మార్చు" అన్నాడు. టీ తెప్పించాడు. నేను తాగాను.

"మరి ఆమె సంగతి సార్?"

"ఆ, ఆమెనే రమ్మను" అన్నాడు ఫోను చూసుకుంటూ.

అప్పటికప్పుడే గూడెం వైపు నడిచాను. పనిలోంచి తీసేసిన మర్నాటి నుంచి ఆమె కూలికి పత్తి ఏరడానికి పోతోందని చెప్పారు. చేను దగ్గరికి పోయేసరికి ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసలో వంగి ఏరుతున్నారు. ఆమె నన్ను చూసి లేచింది. లేవడానికి చేత్తో నడుము పట్టుకుంది. నేను అక్కడే గట్టు మీద నిలబడి మొత్తం చెప్పేశాను. డీజిలు, గాలి, బొట్టు, అన్నీ. పక్క సాళ్లలోని ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "బొట్టు వెట్టి మరీ సంపిండే మేస్త్రి!" అందొకామె. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సార్ నిన్నేమన్నడన్నా?"

"ఏమనలేదు. నవ్వాడు. టీ ఇప్పించాడు."

ఆమె నడుముకు కట్టిన ఒడిలోంచి పత్తి గింజ ఒకటి తీసి గిల్లుతూ నిలబడింది. "తప్పు నీదైతె నవ్విండు. నాదనుకున్ననాడు ఒక్క మాట అడగలే. గేటు కాడికెల్లే తోలిండు" అంది. "నువ్వు సుత అడగలే."

నాకు ఎన్నడూ లేనంత సిగ్గేసింది. "తప్పైంది చెల్లే" అన్నాను.

"రేపు వస్త. గని గీడ చెప్పుడు గాదు. నన్ను పొమ్మన్న కాడ చెప్పు. డ్రైవర్లందరు ఉన్నప్పుడు చెప్పు."

మర్నాడు ఎనిమిదింటికి గేటు దగ్గర బస్సులు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు, వాచ్‌మన్, డ్రైవర్ల పెద్ద, అందరూ ఉన్నారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. నేను గొంతు సవరించుకుని చెప్పాను. మధ్యలో రెండు మాటలు మింగబోతే, "గట్టిగ చెప్పన్నా, ఇనబడ్తలేదు" అంది. మళ్లీ మొదటి నుంచి గట్టిగా చెప్పాను. డ్రైవర్లు నవ్వారు. వాచ్‌మన్ నా భుజం తట్టాడు. "అయ్యో, ఏమైంది తియ్ మేస్త్రీ" అని డ్రైవర్ల పెద్ద కూడా ఓదార్చాడు. ఆమెతో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కాసేపు ఒక్కొక్కరి మొహమే చూసింది. తర్వాత షెడ్డులోకి పోయి సీటు తుడిచి, ఎక్కి, స్టార్ట్ చేసింది. నేను దారికడ్డంగా నిలబడి ఉన్నాను, ఇంకేమైనా అనాలేమో అనుకుంటూ.

"జరుగన్నా" అంది. "గడ్డి బాగ వెరిగింది."